గ్యారిక్ కాలపు నాటక దృశ్యాల రాగి చెక్కడాలు: వీటిని ప్రదర్శనకు సాక్ష్యంగా తీసుకోవచ్చునా?

కృష్ణాతీరం:
సభ్యులందరికీ నమస్కారం. పాత పుస్తకాలతోపాటు విడి బొమ్మలు కూడా అమ్మే ఒక దుకాణంలో ఈ మధ్య నేను ఒక రాగి చెక్కడపు అచ్చు కొన్నాను. అది సమాధి గృహంలోని దృశ్యం. జూలియెట్ పడుకోబెట్టిన చోటు నుండి లేస్తూ ఉండగా, రోమియో చేతులు చాచి, నమ్మలేనట్టు వెనక్కి తగ్గి నిలబడి ఉన్నాడు. బొమ్మ అడుగున గ్యారిక్, బెలమీ అనే నటీనటుల పేర్లు, ఒక మూల చిత్రకారుడిగా బి. విల్సన్ పేరు, రెండో మూల చెక్కినవారిగా రావెనే పేరు, 1765 అనే సంవత్సరం కనిపిస్తున్నాయి.

నా సందేహం ఏమిటంటే, కళాశాలలో మేము చదువుకున్న రోమియో జూలియెట్ నాటకంలో జూలియెట్ కళ్లు తెరిచేసరికే రోమియో విషం తాగి చనిపోయి ఉంటాడు. ఇక్కడ మాత్రం ఇద్దరూ బతికే ఉన్నారు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. చిత్రకారుడు నాటకం సరిగా చదవకుండానే బొమ్మ గీశాడా? లేక ఆ రోజుల్లో రంగస్థలం మీద ఇలాగే ఆడేవారా? ఇలాంటి బొమ్మలను చూసి అప్పటి ప్రదర్శన ఎలా ఉండేదో మనం చెప్పగలమా?

నేపథ్యం:
కృష్ణాతీరం గారూ, చిత్రకారుడు ఏమీ పొరబడలేదు. మీరు చదివినది షేక్స్పియర్ రాసిన పాఠం, ఆ బొమ్మలో ఉన్నది లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో డేవిడ్ గ్యారిక్ ఆడించిన పాఠం. గ్యారిక్ 1748లో ఈ నాటకాన్ని మార్చి రాసినప్పుడు, రోమియో విషం తాగిన తరువాత, అది ఇంకా పూర్తిగా ఎక్కకముందే జూలియెట్ మేలుకున్నట్టుగా చేసి, ఇద్దరి మధ్యా ఒక సంభాషణ చేర్చాడు. ఆ ఆలోచన అతని సొంతం కూడా కాదు. 1680లో అచ్చయిన ఓట్వే నాటకం ఒకటి ఇదే కథను రోమ్ నగరానికి మార్చి, నాయిక ముందుగానే మేలుకున్నట్టు చూపించింది. గ్యారిక్ దాన్ని అందిపుచ్చుకున్నాడు.

1750 శరదృతువులో లండన్‌లోని రెండు పెద్ద నాటకశాలలు ఒకే సమయంలో ఇదే నాటకాన్ని పోటీపడి ఆడాయి. కోవెంట్ గార్డెన్‌లో స్ప్రాంగర్ బ్యారీ, సుసానా సిబ్బర్ వేషాలు కట్టగా, డ్రూరీ లేన్‌లో గ్యారిక్, జార్జ్ యాన్ బెలమీ కట్టారు. పన్నెండు రాత్రుల తరువాత బ్యారీ ఆపేశాడు. గ్యారిక్ పంతం కొద్దీ ఇంకొక రాత్రి అదనంగా ఆడి మరీ ఆపాడు. మీ అచ్చులో ఉన్న జంట ఆ పోటీలోని జంటే. బెంజమిన్ విల్సన్ రంగుల చిత్రం 1753 నాటిది. దాన్ని చూసి రావెనే రాగి మీద చెక్కినది పన్నెండేళ్ల తరువాత. గ్యారిక్ రాసిన ముగింపు మాత్రం చాలా కాలం నిలిచింది. 1845లో షార్లట్ కుష్మన్ అనే అమెరికా నటి తానే రోమియో వేషం కట్టి మూల పాఠాన్ని మళ్లీ రంగం మీదికి తెచ్చేవరకు, లండన్ ప్రేక్షకులలో చాలామందికి తెలిసిన ముగింపు మీ బొమ్మలో ఉన్నదే.

కనుక ఈ ఒక్క బొమ్మ విషయంలో నా జవాబు, సాక్ష్యమే అని. అది కూడా నేటి పాఠ్యపుస్తకాలు దాదాపు మరిచిపోయిన ఒక ప్రదర్శనకు సాక్ష్యం.

విజయనగరం మేష్టారు:
నేపథ్యం గారు చెప్పినది నిజమే కాని, ఒక బొమ్మకు పనికివచ్చిన సూత్రాన్ని పక్క బొమ్మకు తగిలించేముందు కొంత జాగ్రత్త పడాలి. దీనికి మంచి ఉదాహరణ 1709లో జాకబ్ టాన్సన్ ప్రచురించగా నికొలస్ రో సంపాదకత్వం వహించిన షేక్స్పియర్ సంపుటాలు. ప్రతి నాటకానికీ ముందు ఒక చెక్కడపు బొమ్మ పెట్టిన మొదటి షేక్స్పియర్ ప్రచురణ అదే. హ్యామ్లెట్ నాటకం ముందున్న బొమ్మలో తల్లి గదిలోకి తండ్రి ప్రేతం వచ్చి నిలబడి ఉంటుంది. హ్యామ్లెట్ తల మీద ఆనాటి పెద్దమనుషులు పెట్టుకునే పొడవైన కృత్రిమ కేశాలు, ఒక కాలి మేజోడు జారిపోయి, వెనక ఒక కుర్చీ బోర్లా పడి ఉంటాయి. ఆ కుర్చీ సంగతి నాటకంలో ఎక్కడా లేదు. ప్రేతాన్ని చూడగానే దిగ్గున లేచి కుర్చీని తన్నివేయడం రంగస్థలం మీద నటులు తరతరాలుగా చేస్తూ వచ్చిన పని. అప్పట్లో హ్యామ్లెట్ వేషానికి పేరుమోసిన థామస్ బెటర్టన్ అభినయం ఆ రాగి రేకు మీదికి ఎక్కిందని చాలామంది పండితులు నమ్ముతారు; నాకూ అలాగే అనిపిస్తుంది.

అవే సంపుటాలలో కొరియలేనస్ ముందున్న బొమ్మను చూడండి. అది ఏ నాటకశాల నుండీ రాలేదు. ఫ్రెంచి చిత్రకారుడు పుస్సేన్ వేసిన ఒక చిత్రాన్ని దగ్గర పెట్టుకుని గీసినది. ఒకే ప్రచురణకర్త, ఒకే పరిమాణం, చెక్కిన చేయి కూడా ఎలైషా కర్కల్‌దే అంటారు. అయినా ఒకటి నాటకశాలలో పుట్టింది, రెండోది చిత్రశాలలో పుట్టింది. అందుచేత ‘ఈ సంపుటం నమ్మదగినది, ఆ సంపుటం కాదు’ అని తీర్పు చెప్పడం కుదరదు. ప్రతి రేకునూ విడిగా విచారించి, నాటకం పాఠంలో లేనిది ఏదైనా బొమ్మలో ఉంటే అది ఎక్కడి నుండి వచ్చిందని అడగవలసి ఉంటుంది.

రాగిరేకు:
ముద్రణ పని వైపు నుండి నాలుగు మాటలు చెబుతాను. చెక్కడమంటే ఉలి వంటి సన్నని ఉక్కు పనిముట్టును అరచేతితో ముందుకు తోస్తూ రాగి రేకు మీద గాళ్లు కోయడం. తరువాత రేకంతా సిరా పట్టించి, పైభాగాన్ని గుడ్డతో తుడిచేస్తారు. గాళ్లలో మిగిలిన సిరా మాత్రమే, రెండు రోలర్ల మధ్య గట్టిగా ఒత్తినప్పుడు, తడిపిన కాగితం మీదికి ఎక్కుతుంది. దీనివల్ల రేకు మీద ఉన్న బొమ్మ కాగితం మీద కుడి ఎడమలు తారుమారై పడుతుంది. చెక్కేవాడు అద్దంలో చూసుకుంటూ ముందుగానే తిరగేసి చెక్కితే సరే సరి, లేకపోతే కుడిచేతి వాటపు వీరుడు ఎడమ చేత్తో కత్తి దూస్తాడు. కనుక బొమ్మను చూసి ‘నటుడు రంగం మీద ఎడమవైపు నిలబడేవాడు’ అని రాసేముందు, మూల చిత్రంతో పోల్చి చూడాలి.

బొమ్మ అడుగున ఉన్న చిన్న అక్షరాలు చాలా ఉపయోగపడతాయి. సాధారణంగా ఎడమ మూలన చిత్రకారుడి పేరు, కుడి మూలన చెక్కినవారి పేరు, మధ్యలో ప్రచురించిన తేదీ ఉంటాయి. ఆ తేదీ మర్యాద కోసం వేసినది కాదు. తన బొమ్మలను దొంగ అచ్చు వేసుకునేవారితో విసిగిపోయిన విలియం హోగార్త్, ఇతర చిత్రకారులతో కలిసి పార్లమెంటును అడిగి 1735లో ఒక చట్టం తెప్పించుకున్నాడు. దాని రక్షణ కావాలంటే ప్రచురణ తేదీ, హక్కుదారు పేరు రేకు మీదే చెక్కాలి. అయితే ఆ తేదీ రేకు పుట్టిన తేదీ మాత్రమే, మీ చేతిలో ఉన్న కాగితం అచ్చయిన తేదీ కాదు. రేకు అరిగేవరకు, అరిగాక మళ్లీ గాళ్లు లోతు చేయించి, ఎన్ని దశాబ్దాలైనా అచ్చు వేసుకుంటూ పోయేవారు.

ప్రవాసి:
మేష్టారు చెప్పిన రెండు తెగలలో రెండోదానికి పరాకాష్ఠ జాన్ బాయిడెల్ షేక్స్పియర్ గ్యాలరీ. ఈ చర్చలో దాన్ని వదిలేస్తే సగం కథ చెప్పనట్టే అవుతుంది.

బాయిడెల్ స్వయంగా చెక్కడం పని నేర్చినవాడు. ఆ తరువాత బొమ్మల వర్తకంలో దిగి బాగా గడించి, 1790లో లండన్ మేయరు కూడా అయ్యాడు. 1786లో తన తమ్ముడి కొడుకు ఇంట్లో జరిగిన ఒక విందులో ఈ ఆలోచన పుట్టింది. దేశంలోని పెద్ద చిత్రకారులందరిచేతా షేక్స్పియర్ దృశ్యాలు వేయించడం, వాటిని ప్రదర్శనకు పెట్టడం, వాటిని చూసి రాగి మీద చెక్కించిన అచ్చులను చందాదారులకు అమ్మడం వారి పథకం. 1789 మే నెలలో పాల్ మాల్ వీధిలో 34 చిత్రాలతో గ్యాలరీ తెరిచారు. తరువాత ఆ సంఖ్య నూట అరవై దాటింది. రెనాల్డ్స్, ఫ్యూసెలీ, రామ్నీ, బెంజమిన్ వెస్ట్, యాంజెలికా కౌఫ్‌మన్ వంటి వారందరూ అందులో ఉన్నారు. వీరిలో చాలామంది నాటకశాల వైపు చూడకుండా, పుస్తకం తెరిచి చదువుకుని బొమ్మ వేసినవారే.

ఒక్క రేకును దగ్గరగా చూస్తే ఈ తేడా తెలుస్తుంది. షేక్స్పియర్ నాటకం ఆరవ హెన్రీ రెండవ భాగంలో కార్డినల్ బోఫోర్ట్ చనిపోయే దృశ్యం ఉంది. మంచం మీద యాతన పడుతున్న ఆ పాపిని చూసి, అతని ఆత్మను చుట్టుముట్టిన పిశాచాన్ని తరిమివేయమని రాజు భగవంతుణ్ణి వేడుకుంటాడు. ఆ పిశాచం రాజు మాటలలో ఉన్నదే కాని, రంగం మీదికి వచ్చే పాత్ర కాదు. రెనాల్డ్స్ మాత్రం తలగడ వెనక నిజంగానే ఒక పిశాచాన్ని వేశాడు. విమర్శకులు విరుచుకుపడ్డారు. కవి ఉపమానంగా అన్నదాన్ని కోరలతో సహా చూపించడమేమిటని కొందరు, ఇదే కవి హృదయమని మరికొందరు వాదించుకున్నారు. ఆ చిత్రాన్ని కారొలైన్ వాట్సన్ చెక్కినప్పుడు తొలి అచ్చులలో పిశాచం ఉంది. తరువాతి అచ్చులలో దాన్ని రేకు మీద నుండి చెరిపివేశారు. ఆ నాటకం ఆ శతాబ్దంలో రంగం ఎక్కడమే చాలా అరుదు. కనుక ఆ బొమ్మను ముందు పెట్టుకుని ప్రదర్శన గురించి ఏం రాసినా అది గాలిలో మేడ కట్టడమే.

కృష్ణాతీరం:
ప్రవాసి గారూ, రాగి రేకు మీద చెక్కినదాన్ని ఎలా చెరుపుతారు? గాళ్లు పోవు కదా?

రాగిరేకు:
పోతాయండీ, కాని శ్రమ ఎక్కువ. చెరపవలసిన చోట రాగిని గీకి, నునుపు చేసే పనిముట్టుతో రుద్దుతారు. అలా చేస్తే అక్కడ రేకు గుంటపడి, సిరా నిలిచి మసకగా అచ్చవుతుంది. అందువల్ల రేకును బోర్లించి, సరిగ్గా అదే చోట వెనక నుండి చిన్న సుత్తితో కొట్టి రాగిని పైకి తెచ్చి, మళ్లీ సమం చేసి, ఆ జాగాలో తెర మడతలో చీకటో కొత్తగా చెక్కుతారు. ఒకే రేకు నుండి వచ్చిన అచ్చులలో ఇలాంటి తేడాలు ఉంటే వాటిని వేర్వేరు దశలు అంటారు. సేకరించేవారు ప్రాణం పెట్టేది ఈ దశల మీదే.

బాయిడెల్ గురించి ఒక మాట చేర్చాలి. పని త్వరగా తెమలాలని అతను చాలా రేకులను పూర్తి గీతలతో కాకుండా చుక్కల పద్ధతిలో, లేదా రెండూ కలిపి చేయించాడు. చుక్కల పని ముఖాలకు మెత్తగా, అందంగా ఉంటుంది కాని, గీత చెక్కడంలో ఉండే బిగువు దానికి రాదు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన చందాదారులు గొణుక్కోవడానికి అది కూడా ఒక కారణం. నా మటుకు వెస్ట్ వేసిన తుఫానులోని లియర్ రాజును విలియం షార్ప్ చెక్కిన రేకు ఒక్కటి చూసినా ఆ ప్రాజెక్టు మీద గౌరవం కలుగుతుంది. ఎగిరే గుడ్డలోని ప్రతి మడతకూ గీత లావు మారుతూ పోతుంది. మిగిలిన వాటిలో చాలా భాగం చప్పగానే ఉంటాయి.

గోదారిగట్టు:
ఇంత పెద్ద పథకం చివరికి లాభం తెచ్చిందా?

ప్రవాసి:
ముంచింది. బాయిడెల్ వ్యాపారంలో పెద్ద భాగం యూరప్‌కు, ముఖ్యంగా ఫ్రాన్స్‌కు అచ్చులు ఎగుమతి చేయడం. ఫ్రెంచి విప్లవం, దాని వెంట యుద్ధాలు వచ్చి ఆ దారి మూసుకుపోయింది. గ్యాలరీ తెరిచిన ఏడాదే వ్యంగ్య చిత్రకారుడు గిల్రే, బాయిడెల్ ధనాశకు షేక్స్పియర్‌ను ఆహుతి చేస్తున్నట్టు ఒక చెక్కడం వేసి అమ్మాడు. 1804లో పార్లమెంటు అనుమతితో లాటరీ పెట్టి, మూడు గినీల (గినీ అంటే పౌండు కంటే కొంచెం ఎక్కువ విలువైన నాణెం) చొప్పున 22,000 టిక్కెట్లు అమ్మి అప్పులు తీర్చారు. 1805 జనవరిలో డ్రా తీసేనాటికి బాయిడెల్ కన్నుమూసి కొద్ది వారాలే అయింది. గెలిచిన విలియం టాసీ ఆ చిత్రాలన్నిటినీ క్రిస్టీ వేలంలో అమ్మేస్తే వచ్చినది ఆరు వేల పౌండ్లకు కొంచెం పైన మాత్రమే. మేక్‌బెత్ మంత్రగత్తెల చిత్రం ఒక్కదానికే రెనాల్డ్స్‌కు బాయిడెల్ ఇచ్చిన బయానా 500 పౌండ్లు. ఆ లెక్కన నష్టం ఎంతో మీరే ఊహించుకోండి.

విజయనగరం మేష్టారు:
రెనాల్డ్స్ పిశాచం గురించి చదువుతుంటే నాకు రవివర్మ శకుంతల గుర్తుకు వచ్చింది. అవి రాగి చెక్కడాలు కావు, రాతి అచ్చులు, కాలమూ వేరు. అందుకే దీన్ని సాగదీయను. కాని దర్భ గుచ్చుకుందన్న నెపంతో శకుంతల ఆగి వెనక్కి తిరిగి చూడడం, కాళిదాసు రెండవ అంకంలో దుష్యంతుడు విదూషకుడికి శ్లోకంలో చెప్పుకునే జ్ఞాపకం. మాటలో ఉన్నదాన్ని తెచ్చి మన కళ్ల ముందు నిలబెట్టడంలో ఇద్దరు చిత్రకారులదీ ఒకటే పద్ధతి. తెలుగు ఇళ్ల గోడల మీద ఆ క్యాలెండరు చూసినవారిలో ఎక్కువమంది ఆ నాటకాన్ని రంగం మీద చూసి ఉండరు.

నేపథ్యం:
మేష్టారి పోలిక బాగుంది. అయితే మనం ఒక వైపు ‘నటుల బొమ్మలు నమ్మదగినవి’ అనీ, మరో వైపు ‘బాయిడెల్ బొమ్మలు కావు’ అనీ రెండు అరలు చేసుకుని ఊరుకుంటే కుదరదని నాకు అనిపిస్తోంది. నటుల పేర్లతో వచ్చిన బొమ్మలు కూడా నాటకశాలలో కూర్చుని ఉన్నది ఉన్నట్టు గీసినవి కావు.

గ్యారిక్ మూడవ రిచర్డుగా గుడారంలో ఉలిక్కిపడి లేచే దృశ్యాన్ని హోగార్త్ పెద్ద చిత్రంగా వేసి, 1746లో చార్లెస్ గ్రీన్యన్‌తో కలిసి చెక్కి అమ్మాడు. గ్యారిక్ 1741లో లండన్‌లో రాత్రికి రాత్రి పేరు తెచ్చుకున్న వేషం అదే. చాచిన అరచేయి, విచ్చుకున్న వేళ్లు, బెదిరిన కళ్లు అతని అభినయానికి దగ్గరగానే ఉండి ఉంటాయి. కాని అందులో నాటకశాల పక్క తెరలు లేవు, తల మీద వెలిగే కొవ్వొత్తుల గుత్తులు లేవు, ప్రేక్షకులు లేరు. గుడారం అమరిక కూడా ఫ్రెంచి రాజాస్థాన చిత్రకారుడు లె బ్రన్ వేసిన డేరియస్ గుడారపు చిత్రాన్ని తలపిస్తుందని అంటారు. పైగా అప్పుడు ఆడినది షేక్స్పియర్ పాఠం కాదు, కొల్లీ సిబ్బర్ తిరగరాసిన పాఠం.

జొఫానీ అనే చిత్రకారుడు వేసిన మేక్‌బెత్ బొమ్మ ఇంకా విచిత్రమైనది. రాజును హత్య చేసిన వెంటనే మేక్‌బెత్, అతని భార్య బాకులతో ఉన్న దృశ్యం అది. గ్యారిక్, ప్రిచర్డ్ దొరసాని అనే నటి ఆ దృశ్యాన్ని కలిసి చివరిసారి ఆడినది 1768 ఏప్రిల్‌లో. ఆమె ఆ ఆగస్టులోనే మరణించింది, ఆ తరువాత గ్యారిక్ మేక్‌బెత్ వేషం మళ్లీ కట్టలేదు. వాలెంటైన్ గ్రీన్ చేసిన మెజోటింట్ అచ్చు వెలువడినది 1776లో. అంటే కొన్నవారిలో చాలామంది చేతికి అందినది, మళ్లీ చూసే అవకాశం లేని ఒక ప్రదర్శన. ఆ బొమ్మలో మేక్‌బెత్ ఒంటి మీద స్కాట్లండు యోధుడి బట్టలు లేవు, పద్దెనిమిదవ శతాబ్దపు దర్బారు కోటు ఉంది. మన కంటికి నవ్వు తెప్పించే ఆ కోటే నిజమైన సాక్ష్యం, ఎందుకంటే ఊహించి వేసే చిత్రకారుడు ఎవడైనా పాతకాలపు దుస్తులే వేసి ఉండేవాడు.

రాగిరేకు:
ఆ దృశ్యానికి మెజోటింట్ ఎంచుకోవడం తెలివైన పని. ఆ పద్ధతిలో ముందు రేకంతటినీ పళ్లున్న పనిముట్టుతో గరుకు చేస్తారు; ఆ స్థితిలో అచ్చు వేస్తే కాగితం మొత్తం మసిలా నల్లగా వస్తుంది. తరువాత వెలుగు కావలసిన చోట మాత్రమే గీకి నునుపు చేసుకుంటూ వెళతారు. చీకటిలో నుండి ముఖాలు, చేతులు, రెండు బాకులు పైకి తేలడానికి ఇంతకంటే తగిన పద్ధతి లేదు. లోపం ఏమిటంటే ఆ గరుకుతనం త్వరగా అణిగిపోతుంది, తొలి వందో రెండొందలో అచ్చులకే అసలు కళ.

ప్రవాసి:
నేపథ్యం గారి కోటు వాదనకు ఫ్రాన్స్ నుండి ఒక హెచ్చరిక. ఫ్రెంచి నాటకకర్త మొలియేర్ రాసిన ‘భార్యల పాఠశాల’ 1663లో అచ్చయినప్పుడు షొవో చెక్కిన ముఖచిత్రంలో, కుర్చీలో కూర్చున్న ఆర్నోల్ఫ్ అనే పాత్ర వేలు తన నుదుటి మీద పెట్టి, ఇటు చూడమని ఆన్యేస్ అనే యువతికి చెబుతూ ఉంటాడు. ఆ వేషం కట్టినది మొలియేరే, చిత్రకారుడు సమకాలికుడు, కనుక ఆ సైగనూ ఆ దుస్తులనూ నమ్మవచ్చు. 1734లో బూషే గీయగా లోరాన్ కార్స్ చెక్కిన మొలియేర్ సంపుటాలలో కూడా పాత్రలు సమకాలపు దుస్తులలోనే ఉంటాయి, కాని అది బూషే కాలం. మొలియేర్ పోయి అప్పటికే అరవై ఏళ్లు దాటాయి. గదులు, కుర్చీలు, గౌన్లు అన్నీ పదిహేనవ లూయీ నాటి సంపన్నుల ఇళ్లవి. అవి చాలా అందమైన బొమ్మలే. అయితే కోటు సమకాలికమైనంత మాత్రాన సాక్ష్యమని ఒప్పుకుంటే బూషే మనల్ని తప్పుదారి పట్టిస్తాడు. కోటు నటుడిదా, చిత్రకారుడి పక్కింటివాడిదా అని తేల్చుకోవాలి.

నేపథ్యం:
ఒప్పుకుంటాను. నటుడి పేరు, తేదీ రెండూ ఉన్నప్పుడే కోటు వాదన నిలుస్తుంది. గ్యారిక్ విషయంలో మనకు ఉన్న అదృష్టం, అతను తన బొమ్మల ప్రచారాన్ని స్వయంగా పట్టించుకోవడం. 1764లో పారిస్‌లో ఉండగా, ఇక్కడందరూ నా బొమ్మలు అడిగి చంపుతున్నారు, అచ్చులు పంపమని తమ్ముడికి ఉత్తరం రాశాడు. నేటి సినిమా పోస్టరు చేసే పని అప్పుడు రాగి రేకు చేసింది. పోస్టరు లాగే అది నటుడికి నచ్చిన భంగిమనే చూపిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

కృష్ణాతీరం:
ఇన్ని విషయాలు తెలుస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. నా దగ్గరున్న కాగితం 1765 నాటిదా, తరువాత వేసినదా అని తెలుసుకునే ఉపాయం చెబుతారా? బొమ్మ చుట్టూ అంచులు అక్షరాల దాకా కత్తిరించి ఉన్నాయి.

రాగిరేకు:
అంచులు కత్తిరించడం వల్ల రేకు ఒత్తిన గుర్తు పోయింది, అది నష్టమే. అయినా కాగితాన్ని కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకుని చూడండి. దగ్గర దగ్గరగా సన్నని గీతలు, వాటికి అడ్డంగా సుమారు అంగుళం దూరానికొకటి చొప్పున మరికొన్ని గీతలు కనిపిస్తే, అది తీగల జల్లెడ మీద తీసిన పాతరకం కాగితం. ఏ గీతలూ లేకుండా సమంగా ఉంటే, ఆ రకం కాగితం బొమ్మల అచ్చుకు విరివిగా వాడుకలోకి వచ్చినది ఆ శతాబ్దం చివరలో కనుక, అది తరువాతి అచ్చు అయ్యే అవకాశం ఎక్కువ. తరువాత భూతద్దంతో చీకటి భాగాలు చూడండి. గీతలు విడివిడిగా, నల్లగా ఉంటే రేకు కొత్తగా ఉన్నప్పటిది, బూడిద రంగులో కలిసిపోయి ఉంటే అరిగిన తరువాతిది. పాత రేకులు ఎంత దూరం వెళ్లాయంటే, బాయిడెల్ రేకులను 1852లో న్యూయార్కులో స్పూనర్ అనే ఆయన బాగు చేయించి మళ్లీ అచ్చు వేశాడు. దయచేసి దీనికి ల్యామినేషన్ మాత్రం చేయించకండి.

కృష్ణాతీరం:
కిటికీ దగ్గర చూశాను. మీరు చెప్పినట్టే సన్నని గీతలు, అడ్డగీతలు రెండూ ఉన్నాయి. రోమియో వెనక చీకటిలో గీతలు చాలా చోట్ల విడిగానే ఉన్నాయి కాని, జూలియెట్ తల పైన ఉన్న కమాను దగ్గర కొద్దిగా కలిసిపోయాయి.

రాగిరేకు:
అయితే తొలి విడత కాకపోయినా, రేకు బాగా అరగకముందు వేసినదే అని నా అంచనా. కమాను భాగాన్ని దగ్గరగా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, సంగ్రహాలయాల ప్రతులతో పోల్చి చెబుతాను.

విజయనగరం మేష్టారు:
ఫొటో పెట్టేటప్పుడు అడుగున చెక్కిన అక్షరాలన్నీ పడేలా తీయండి. గ్యారిక్ చేర్చిన సమాధి సంభాషణను నేను రేపు ఇక్కడే పెడతాను. రోమియో చేతులు ఏ మాట దగ్గర అలా చాచాడో దాన్ని పక్కన పెట్టుకుని చూద్దాం.